పూలకుండీల కింద నుంచి మామగారి ముందుకు వచ్చిన గిటారు

ఎనభైల మొదట్లో మిషిగన్ రోడ్ల మీద మెరిసిన కార్లన్నీ నా వల్లే మెరిశాయి. మెరవనివి పోటీ కంపెనీవాళ్ళవి. డెట్రాయిట్ పక్కన ఒక కారు రంగుల కంపెనీ ల్యాబ్‌లో నేను కెమిస్టుని. కెమిస్టులందరిలో కిందనుంచి రెండోవాడినని మా ఆవిడ చెబుతుంది కానీ, సముద్రానికి తన లోతు ఎంతో తెలియనట్టే, ఇంట్లో ఉన్న మేధావి లోతు ఇంట్లోవాళ్ళకు తెలియదు. నేను ఒక డబ్బా మూత తీసి వాసన చూస్తే చాలు, ఆ రంగు ఎండలో ఎన్నేళ్ళు నిలుస్తుందో, వానలో ఎప్పుడు ఏడుస్తుందో చెప్పేసేవాణ్ణి.

అలాంటి నాకు నా వృత్తిజీవితంలోకెల్లా పెద్ద పరీక్ష ఏ కారూ పెట్టలేదు. మా మామగారు పెట్టారు.

ఆ ఏడు మా ఆవిడ కడుపుతో ఉంది. నవంబరు ఆఖర్లో డెలివరీ అన్నాడు డాక్టరు. సాయానికని అత్తయ్యగారు, మామయ్యగారు వేసవిలోనే బందరు నుంచి మేముండే నోవైకి వచ్చేశారు. వచ్చిన రోజున ఆయన పెట్టె తెరిస్తే రెండు పంచెలు, ఒక బైబిలు, పాటల పుస్తకం, పలకపుల్లంత పొడుగున్న ఒక ఉక్కు కడ్డీ బయటపడ్డాయి. ఆ కడ్డీ హవాయిన్ గిటారుది. గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఆ కడ్డీని జారుస్తూ వాయిస్తారు. పోస్టుమాస్టరుగా రిటైరైన ఆ మనిషి బందరు మందిరంలో ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం అలా వాయించారు. ఆయన మొదలుపెడితే ప్రసంగంలో కునుకు తీసినవాళ్ళు సైతం లేచి కూర్చుని కళ్ళు తుడుచుకునేవారట. గిటారుని మాత్రం తీసుకురాలేదు. విమానం పొట్టలో సామాన్ల మధ్య పడేస్తారని తెలిసి, “మనిషినైనా వేస్తాను గానీ దాన్ని వెయ్యను” అని ఇంట్లోనే తాళం పెట్టి వచ్చారు.

ఇక్కడికి వచ్చాక ఆయనకు తోచలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఆ కడ్డీని అరచేతిలో దొర్లిస్తూ, పెరట్లోకి చూసేవారు. మా తెలుగు ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాల్లో జరిగేది. అక్కడ సంగీతమంటే ఒక కంజిర, దాని వెనక పరుగెత్తే చప్పట్లు. కీర్తన పల్లవిలో ఉండగా చప్పట్లు మూడో చరణానికి చేరిపోయేవి. ఆయన కళ్ళు మూసుకునేవారు. ప్రార్థిస్తున్నారని అందరూ అనుకునేవారు. నాకు తెలుసు, భరిస్తున్నారు.

ఆగస్టులో ఒకరోజు భోజనం దగ్గర బాంబు వేశారు.

“అమ్మాయ్, నన్ను అక్టోబరులో పంపించెయ్యండమ్మా.”

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. “అదేంటి నాన్నా? నవంబరులో నాకు డెలివరీ కదా!”

“మీ అమ్మ ఉంటుందిగా.”

“నేనుంటానని ఎవరు చెప్పారు?” అని వంటింట్లోంచి అత్తయ్యగారు. “లండన్‌లో విమానం మారమంటే ఈయన కాఫీ తాగొస్తానని వెళ్ళి మాస్కో విమానం ఎక్కేస్తారు. ఆయన వెళితే నేనూ వెళతా. అంతే.”

“ఇక్కడ నేను చేసే పనేముంది చెప్పు? పొద్దున ఉడతల్ని చూస్తాను. సాయంత్రం అవే ఉడతలు నన్ను చూస్తాయి. అక్కడ మందిరంలో నాకోసం ఎదురుచూస్తుంటారు.”

మా ఆవిడ గరిటెని గిన్నెలో పెట్టేసి కూర్చుంది. పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. సాధారణంగా ఏ మాటకైనా పది మాటలు తిరిగి ఇచ్చే మనిషి. అమ్మ చేతి పథ్యం, అమ్మ చేతి స్నానం, బిడ్డని మొదట అమ్మ ఎత్తుకోవడం, ఇవన్నీ ఆమె మనసులో ఎప్పుడో సర్దిపెట్టుకుంది. అత్తయ్యగారు వెళ్ళిపోతే ఆ ఖాళీలో నేను నిలబడాలి. నాకు రెండే వంటలు వచ్చు. ఒకటి కోడిగుడ్డు ఉడకబెట్టడం. రెండోది, అది ఉడకలేదని ఒప్పుకోవడం.

కాబట్టి మామగారిని ఆపాలి. ఆపాలంటే ఆయన ముందు ఒక గిటారు ఉండాలి. ఒళ్ళో పెట్టుకుని వాయించే గిటారు డెట్రాయిట్‌లో ఎక్కడ దొరుకుతుందో ఏ కెమిస్ట్రీ పుస్తకమూ చెప్పదు.

అది మా పక్కింట్లోనే దొరికింది. పక్కింటాయన కెంటకీ నుంచి కార్ల ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మా వీధిలో కరెంటు స్తంభాలకు ఆయన్ని చూస్తే కుళ్ళు. అంత పొడుగు. ఆయన వెనక వరండాలో ఒక పచ్చటి బల్ల, దాని మీద నాలుగు జెరేనియం కుండీలు ఉండేవి. రెండేళ్ళుగా చూస్తున్నాను. ఆ రోజు ఎందుకో వంగి చూశాను. పూలకుండీల బల్లకి తీగలు బిగించే మరలు ఎందుకుంటాయి? కింద పెడల్స్ ఎందుకుంటాయి?

“అది మా తమ్ముడిది. పెడల్ స్టీల్ గిటారు. కుర్రతనంలో బార్లలో వాయించేవాడు, నాకూ కాస్త నేర్పాడు. పెళ్ళయ్యాక మానేశాడు. వరండా కుర్చీలకి వేయగా మిగిలిన పెయింటు మా ఆవిడ దీనికి వేసింది” అన్నాడాయన.

“నాకిస్తావా?”

“నా ట్రక్కు చక్రం మీది ఫెండరు రేకు తుప్పు పట్టింది. నువ్వు రంగులవాడివి కదా?”

ఆ ఫెండరుకి నేను వేసిన రంగు చూసి ఆ ట్రక్కు మిగతా భాగమంతా సిగ్గుతో ఇంకొంచెం తుప్పు పట్టింది. బేరం తెగింది. గిటారుని ఇద్దరం మోసుకొచ్చి మా గరాజ్‌లో దింపాం.

ఇంటిల్లిపాదీ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“ఇస్త్రీ బల్లా బాబూ?” అన్నారు అత్తయ్యగారు.

మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు. “కాదే. కుట్టుమిషను. తొక్కుడు చూడు కింద.”

“గిటారండీ మామయ్యగారూ! మీ హవాయిన్ గిటారుకి అమెరికాలో పుట్టిన అన్నగారు. ఇదీ పడుకునే ఉంటుంది. దీన్నీ ఉక్కు కడ్డీతోనే వాయిస్తారు. ఒళ్ళో పట్టదని కాళ్ళు పెట్టారు, అంతే తేడా.”

ఆయన వంగి, ఒక తుప్పుపట్టిన తీగని వేలితో మీటారు. అది పిల్లిలా మూలిగింది. అయినా ఆయన వేలు దాని మీదే కాసేపు ఉండిపోయింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది.

తర్వాత ఆయన వెనక్కి జరిగి, తలనుంచి కాళ్ళదాకా దాన్ని చూశారు. “ఏమయ్యా, ఈ పచ్చ మా మున్సిపాలిటీవాళ్ళు చెత్తడబ్బాలకి కొట్టే పచ్చ. దీన్ని ముందు పెట్టుకుని దేవుడి సన్నిధిలో కూర్చోమంటావా?”

“రంగు సంగతి నాకొదిలెయ్యండి. కోతపండుగ నాటికి పెళ్ళికూతుర్ని చేసి మీ ముందు నిలబెడతాను.”

“నిలబెడితే వాయిస్తా. లేదంటే మర్నాడే విమానం.”

“వాయిస్తే ఉంటావా నాన్నా?” అంది మా ఆవిడ.

“వాయించి చూశాక చెబుతా.”

పోస్టుమాస్టరు కదా, అర్థం కాని అడ్రసుకి ఉత్తరం వదిలే రకం కాదు.

కోతపండుగ అంటే, పంట ఇంటికొచ్చాక దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే ఆరాధన. మా ఫెలోషిప్‌లో ఒక్కరికీ పొలం లేదు. అయినా అక్టోబరు మొదట్లో పెరటి సొరకాయలు, గోంగూర కట్టలు, దుకాణంలో కొన్న గుమ్మడికాయలు బలిపీఠం ముందు రాశి పోసి, ఆరాధన అయ్యాక వేలం వేసేవాళ్ళం. ఇంజనీర్లు ఒక సొరకాయ కోసం కొట్టుకునేంత పని చేసేవారు. అక్కడ మామగారు వాయిస్తే ఇక తిరుగులేదు.

పని మొదలుపెట్టాను. ముందు ఇనుప భాగాలన్నీ ఊడదీశాను. కింద ఉన్న రాడ్లు, స్ప్రింగులు, మరలు విప్పి అత్తయ్యగారి ఆవకాయ జాడీల్లో సర్దాను. (ఖాళీవే. నిండువాటి జోలికి వెళ్ళే ధైర్యం ప్రపంచంలో ఏ కెమిస్టుకీ లేదు.) మిగిలింది చెక్కపెట్టె. దానిమీద స్ట్రిప్పర్ పూశాను. పాత పెయింటుని ఉబ్బించి ఊడదీసే మందు అది. ఆ ఘాటుకి మా పెరటి ఉడతలు పక్క రాష్ట్రం ఒహాయోకి వలస పోయాయి. పచ్చరంగు పొక్కి లేచింది. గీకాను. దానికింద పసుపు పచ్చబడిన పాత మెరుగు వచ్చింది. అదీ గీకాను. ఆ కింద చెక్క కనబడింది.

చేతిలో గీకుడుబిళ్ళ అలాగే ఉండిపోయింది. అది మేపుల్ చెక్క. మామూలు మేపుల్ కాదు. ఒళ్ళంతా చిన్న చిన్న సుడులు, ఒక్కో సుడి మధ్య ఒక చుక్క, పక్షి కళ్ళలా. కొన్ని వేల పిట్టలు ఇన్నేళ్ళుగా ఆ పచ్చరంగు వెనక ఊపిరి బిగబట్టి, ఇప్పుడే కళ్ళు తెరిచి, “ఇంతసేపా?” అని నన్నడిగినట్టు ఉంది. మామగారిని పిలిచాను. ఆయన వచ్చి అరచేత్తో నిమిరారు, గుర్రం మెడ నిమిరినట్టు.

“దీనిమీద మిడ్‌నైట్ బ్లూ మెటాలిక్ వేస్తానండీ. మా కంపెనీ కొత్త షేడ్. కాడిలాక్ కారులా ఉంటుంది” అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపులో పెళ్ళిచూపుల నాటి అనుమానాలన్నీ తిరిగొచ్చాయి. “ఇంత చెక్క కనబడ్డాక మళ్ళీ కప్పెడతావా? కప్పెట్టడానికి ఆ పక్కింటావిడ చాలదూ?”

సరే, చెక్క కనబడేట్టు క్లియర్ లాక్కర్. ఇది గాజులాంటి వార్నిష్. స్ప్రే గన్‌తో మంచుపొగలా పలచగా చల్లితే నిమిషాల్లో ఆరుతుంది. మీద వేసిన పొర కింది పొరని కొంచెం కరిగించి దానిలో కలిసిపోతుంది. ఎన్ని పొరలు వేసినా ఒక్క పొరే అవుతుంది. అయితే ఈ లాక్కర్‌కి మహారాణీ గారాలు ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువుంటే తెల్లగా పాలిపోతుంది. చెక్కమీద నూనె ఆనవాలుంటే అక్కడినుంచి పక్కకి తప్పుకుని గుండ్రటి గుంట వదిలేస్తుంది. నూనె చుక్కే అక్కర్లేదు, నూనె ఆలోచన చాలు. మా ప్లాంటులో రంగులు వేసే గదిలోకి తలనూనె రాసుకున్నవాళ్ళని రానివ్వకూడదన్న రూలు పెట్టించిందే నేను. గుమ్మం దగ్గర నిలబడి జుట్టు వాసన చూస్తున్నానని నామీద యూనియన్ వాళ్ళు ఫిర్యాదు చేశారు కూడా.

కుండీల కింద నీళ్ళు కారి పడ్డ నల్లటి చక్రాలని ఆగ్జాలిక్ యాసిడ్‌తో పోగొట్టాను. గరుకు కాగితంతో పొడుగునా రుద్ది రుద్ది చెక్కని పసిపిల్ల బుగ్గలా చేశాను. మొదటి పొర వేసిన రోజు ఉక్కగా ఉంది. చెక్క అంతా తెల్లగా పాలిపోయింది. ఇంట్లోవాళ్ళు గుడ్లప్పగించారు. నేను నవ్వి, మెల్లగా ఆరే థిన్నర్ కలిపి, ఇంకో చేయి చల్లాను. తెలుపు మాయమైంది. అత్తయ్యగారు “దేవునికి స్తోత్రం” అన్నారు. థిన్నర్‌కి కూడా కొంత స్తోత్రం చెందాలని నా మనవి.

ఆ గర్వం రెండో పొరదాకా కూడా నిలవలేదు. రెండో పొర వేస్తుండగానే, నా కళ్ళముందే, చెక్క మీద ఒక గుండ్రటి గుంట పడింది. పక్కన ఇంకోటి. చూస్తుండగా మశూచి పోసినట్టు ఒళ్ళంతా గుంటలు. ఆరనిచ్చి, రుద్ది, శుభ్రంగా తుడిచి మళ్ళీ చల్లాను. మళ్ళీ గుంటలు, ఈసారి ఇంకా ఎక్కువ. తుడవడం చాలలేదనుకుని ఇంకా శ్రద్ధగా, మూలమూలలా, పూజ చేస్తున్నంత భక్తితో తుడిచి చల్లాను. చంద్రుడి ఉపరితలం తయారైంది.

నూనె. ఎక్కడినుంచో నూనె. నేను ఏ నూనె అన్నది క్షణంలో తేల్చేశాను. వేపుడు నూనె!

అమెరికాలో మా తెలుగువాళ్ళ ఇళ్ళకి రెండు వంటిళ్ళు. ఒకటి ఇంట్లో, చూడ్డానికి. రెండోది గరాజ్‌లో, చేపలు వేయించడానికి. ఇంట్లో వేయిస్తే ఆ వాసన కార్పెట్‌కి, కోట్లకి, ఆఫీసు ఫైళ్ళకి పట్టి రిటైరయ్యేదాకా వదలదు కదా. మా గరాజ్ ఇంటికి విడిగా, పెరటి చివర ఉండేది. అందులో ఒక మూల గ్యాస్ స్టవ్, మూకుడు. లాక్కర్ చల్లే శనివారాలు ఆ స్టవ్ వెలిగించకూడదు, ఆ రోజు మా ఆవిడ గరాజ్ ఛాయలకి రాకూడదు అని మొదటే కట్టడి చేశాను. గాలిలో లాక్కర్ ఆవిరి ఉండగా ఒక్క నిప్పురవ్వ చాలు, గిటారు కంటే ముందు మేము స్వరాలు పలకడానికి. కానీ మిగతా రోజుల్లో వేయించిన నూనె ఆవిరి దూలాలకి పట్టి ఉంటుంది, అదే రాలుతోంది అని తీర్పు చెప్పాను.

“ఇవాళ్టి నుంచి గరాజ్‌లో వేపుళ్ళు బంద్!”

“అయితే చేపలు ఎక్కడ వేయించను?” అన్నారు అత్తయ్యగారు.

“ఉడకబెట్టండి.”

ఆ మాట అన్నందుకు రెండు వారాలు శిక్ష అనుభవించాను. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు, చేపలు తప్ప. అవి పులుసులోంచి నన్ను జాలిగా చూసేవి. నేను గరాజ్ గోడలు, దూలాలు, బల్బులు, చివరికి సాలెగూళ్ళు కూడా సబ్బుతో కడిగాను. శనివారం వచ్చింది. చెక్కని మళ్ళీ భక్తిగా తుడిచి చల్లాను.

గుంటలు పడ్డాయి.

కోతపండుగకి ఇంక రెండే శనివారాలున్నాయి. ఇంట్లో మామగారు ట్రావెల్ ఏజెంటుతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. “రెండు సీట్లండీ. పక్కపక్కనే. మా ఆవిడకి కిటికీ వైపు” అనడం నాకు పెరట్లోకి వినబడింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి వింటోంది. నన్ను చూసి, “అవుతుందాండీ?” అని మాత్రం అడిగింది.

“నేనుండగా కాకపోవడమేంటి?” అన్నాను. చెబుతున్నాను కదా, ధైర్యం నాకు పుట్టుకతో వచ్చింది. ఆధారం ఉండి తీరాలన్న నియమం దానికి లేదు.

ఆ మర్నాడు పొద్దున, ఆరాధనకి వెళ్ళేముందు, నేను గరాజ్‌లో చెక్క ముందు కూర్చుని, తుడుపుగుడ్డ చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నాను. మామగారు తువ్వాలు భుజాన వేసుకుని, ఒంటికీ తలకీ కొబ్బరినూనె పట్టించుకుని, నిగనిగలాడుతూ వచ్చారు.

“ఏమయ్యా, నా పాత పంచె చూశావా? బట్టలుతికే మిషను పక్కన పెడతాను. ఈ మధ్య అది వారం వారం చిన్నదవుతోంది. ఇవాళ అసలే లేదు.”

“ఏ పంచండీ?”

ఆయన నా చేతికేసి చూశారు. “ఇదే!”

అత్తయ్యగారు వెనకే వచ్చారు. “అయ్యో, అది ఆయన తలంటు పంచె కదా బాబూ! ఆదివారం ఆదివారం నూనె ఒత్తుకునేది! బందరు నుంచి అదే పట్టుకొచ్చారు, మెత్తగా ఉంటుందని.”

మెత్తగా ఉంటుందనే నేనూ తీసుకున్నాను. పాత పంచె గుడ్డని మించిన తుడుపుగుడ్డ లేదని పుట్టినప్పటినుంచీ మనందరికీ తెలుసు. నూలుపోగు వదలదు, గీత పడదు. వారం వారం ఒక ముక్క చింపుకున్నాను. ఎన్నిసార్లు ఉతికినా ముప్ఫై ఏళ్ళ కొబ్బరినూనె ఆ పోగుల్లో కాపురం ఉంటుంది. ఫ్యాక్టరీ గుమ్మంలో పరాయివాళ్ళ జుట్టు వాసన చూసే నేను, ఇంట్లో మా మామగారి తలంటుని స్వహస్తాలతో ఆ చెక్కకి వారం వారం చేయిస్తున్నాను. నేను ఎంత శ్రద్ధగా తుడిస్తే అంత శ్రద్ధగా నూనె పట్టింది.

“దొరికింది!” అని అరిచాను. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడూ తన ఆవిష్కరణని అంత నూనెగా చేతిలో పట్టుకుని ఉండడు.

“పంచె దొరికినందుకు ఇంత ఆనందమా?” అన్నారు మామగారు.

“అయితే నా చేపల మీద పడ్డారెందుకు బాబూ?” అన్నారు అత్తయ్యగారు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను.

పడ్డ పొరలన్నీ తీసేశాను. నూనెని కరిగించే నాఫ్తాతో కడిగాను. ఇప్పుడు నూనె పేరు కూడా వినని గుడ్డ కావాలి. ఇల్లంతా వెతికాం. ఆ ఇంట్లో నూనె ఎరగని గుడ్డ లేదు. తువ్వాళ్ళు, దిండు గలీబులు, పరదాలు, అన్నిటికీ ఎవరిదో ఒక తల తగిలే ఉంది. చివరికి మా ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి, పుట్టబోయే బిడ్డకోసం కొని, ఉతికి, మడతపెట్టి దాచిన తెల్లటి నాపీలు కొన్ని తెచ్చి పెరటి గుమ్మం దగ్గరనుంచే నా చేతుల్లో పెట్టింది.

“జాగ్రత్తండీ. మిగతావి దానికుండాలి” అంది.

ఆ శనివారం ఇంకా లోకం చూడని మనిషి గుడ్డతో చెక్కని తుడిచి, గన్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి చల్లాను. లాక్కర్ పారింది. చెరువు మీద గాలి ఆగినట్టు నిలిచింది. ఒక్క గుంట లేదు. పొర మీద పొర వేశాను. ఆఫీసుకి సెలవు పెట్టి, తడి కాగితంతో సమంగా రుద్ది, కార్లకి వాడే పాలిషింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టాను. ఆ పక్షి కళ్ళు లోతుగా, నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు కనబడ్డాయి. పక్కింటాయన వచ్చి ఇనుప భాగాలు బిగించి, కొత్త తీగలు వేసి, తమ్ముడి పాత యాంప్లిఫయరు తెచ్చిపెట్టాడు. అటూ ఇటూ తిరిగి చూసి, “మా ఆవిడకి చూపించకు” అన్నాడు. అత్తయ్యగారు ఆ మెరుగులోకి చూసి ముడి సరిచేసుకున్నారు. నా జీవితంలో నాకు దొరికిన అవార్డు అదొక్కటే. చాలు.

కోతపండుగ నాడు సొరకాయల రాశి పక్కన ఆ గిటారు నిలబడింది. హాలు దీపాలన్నీ దాంట్లో ఉన్నాయి. పాస్టరుగారు, “మొదట దీన్ని వేలం వేస్తున్నామా?” అని అడిగేశారు. వెనక వరసలో పక్కింటాయన, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

మామగారు కడ్డీ తీశారు. పెడల్స్ కేసి చూడలేదు. రెండు కాళ్ళూ కుర్చీ కిందికి ముడుచుకుని, ఒళ్ళో గిటారునే వాయిస్తున్నట్టు, ఒక పాత కీర్తన మొదలుపెట్టారు. కడ్డీ జారింది. ఆ స్వరం మనిషి గొంతులా వణికి, నిలిచింది. కంజిర పట్టుకున్నవాడు కొట్టడం మర్చిపోయాడు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు వరసలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనా? నేను మెరుగు చూస్తున్నానని అందరితో చెప్పాను.

ఆరాధన అయ్యింది. వేలం మొదలైంది. అందరూ ఆయన చుట్టూ చేరి “వందనాలండి, వందనాలండి” అంటున్నారు. ఆయన నవ్వుతూనే కడ్డీని గుడ్డలో చుడుతున్నారు, ప్రయాణానికి సర్దుకుంటున్నట్టు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు అర్థమైంది. వాయించారు, తృప్తి పడ్డారు, ఇక వెళతారు. నా మెరుగు ఆయన్ని ఇక్కడ ఆపలేదు, ఇంటికి సంతోషంగా సాగనంపుతోంది.

అప్పుడు పక్కింటాయన జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు. “చాలా బాగా వాయించారు. కానీ కాళ్ళెందుకు వాడలేదు?” అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

“అది తొక్కడమెందుకయ్యా? చెయ్యి చాలదూ?” అన్నారు మామగారు.

పక్కింటాయన కుర్చీలో కూర్చుని, మూడు తీగలు కలిపి మీటి, పాదంతో ఒక పెడల్ మెల్లగా నొక్కాడు. రెండు స్వరాలు ఉన్నచోటే ఉన్నాయి. మూడోది ఒక్కటే, వాటి మధ్యలోంచి లేచి, మెట్టెక్కినట్టు పైకి వెళ్ళి నిలబడింది. కడ్డీ జారిస్తే తీగలన్నీ కలిసే వెళతాయి. అది ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఒక్కటే విడిపోయి పైకి వెళ్ళడం ఆయన ఎప్పుడూ వినలేదు.

“మళ్ళీ” అన్నారు. అది తెలుగైనా పక్కింటాయనకి అర్థమైంది. మళ్ళీ నొక్కాడు.

“జరుగు” అన్నారు మామగారు. జరిపి కూర్చుని, చెప్పు విడిచి, నొక్కారు. తప్పు పెడల్. గిటారు గాడిదలా అరిచింది. సొరకాయ వేలం ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పు. ఆయన ముఖంలో నేను నెలల తరబడి చూడనిదేదో కనబడింది. చిరాకు. నిఖార్సైన, బతికున్న మనిషి చిరాకు.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడుపుతున్నాను. వెనక సీట్లో ఆయన ఎడమ పాదం కార్పెట్ మీద నొక్కుతూనే ఉంది. హైవే మీదికి ఎక్కాక అన్నారు:

“ఆ ట్రావెల్ ఏజెంటుకి రేపు ఫోన్ చెయ్యి.”

మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

“టికెట్టు ఇప్పుడు వద్దని చెప్పు. ఆ దొర శనివారం శనివారం వచ్చి నేర్పుతానన్నాడు. ఇదంత తొందరగా వచ్చేలా లేదు.”

“బాగుందండీ!” అన్నారు అత్తయ్యగారు. “కన్నకూతురు కడుపుతో ఉంది, ఆగండి అని నేను మొత్తుకుంటే వినలేదు. ఆ పొడుగాయన ఒక్కసారి తొక్కి చూపిస్తే విన్నారు.”

“నా మెరుగు కూడా...” అని నేను మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు.

మా ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అద్దంలో తెలియలేదు. “అయితే నాన్నకి చలికోటు కొనాలండీ. మంచు మొదలవుతుంది” అంది.

“మోకాళ్ళ కిందికి దిగేది వద్దమ్మా,” అన్నారాయన, “కాళ్ళకి అడ్డం పడుతుంది.”